మ్యాక్స్ 98357ఏ: నాకు నచ్చిన నిశ్శబ్దం

మాట ఆగినప్పుడు స్పీకర్ కూడా ఆగాలి. చిన్న ఆంప్లిఫయర్ చిప్‌లలో నేను ముందు చూసేది ఇదే. ఎన్ని వాట్లు, బేస్ ఎంత అన్నవి ఆ తర్వాతి సంగతులు. ఒక వాక్యం ముగిసి ఇంకో వాక్యం మొదలయ్యేలోపు ఉండే చిన్న ఖాళీలో బుస వినిపిస్తే ఆ చిప్ నాకు పనికిరాదు. ఈ ఒక్క విషయంలోనే మ్యాక్స్ 98357ఏ నన్ను కట్టిపడేసింది. మొదటిసారి దానికి స్పీకర్ తగిలించి మాట వినిపించినప్పుడు, వాక్యం పూర్తయ్యాక బోర్డుకు కరెంటు పోయిందేమో అనుకుని ఎల్‌ఈడీ వైపు చూశాను. అది వెలుగుతూనే ఉంది. అంత నిశ్శబ్దం.

నేను చేసేవి ఎక్కువగా మాట్లాడే పెట్టెలు. టైము చెప్పే గడియారం, తలుపు తెరుచుకుంటే హెచ్చరించేది, ఇంటర్నెట్ రేడియో, అన్నిటికంటే ముఖ్యంగా చూపు మందగించిన మా అమ్మకు వార్తలూ కథలూ చదివి వినిపించే పెట్టె. వీటిలో శబ్దం వచ్చే సమయం కన్నా రాని సమయమే చాలా ఎక్కువ. మంచం పక్కన రాత్రంతా ఉండే పెట్టె సన్నగా బుసకొడుతుంటే, అది ఎంత చక్కగా చదివినా సరే, రెండో రోజు ప్లగ్ పీకేస్తారు.

దీనికి ముందు చాలామందిలాగే నేనూ ఎల్ఎం386 అనే పాత ఆంప్లిఫయర్ చిప్‌తో మొదలుపెట్టి, అలాంటిదే ఇంకొకటైన పీఏఎం8403కి వచ్చాను. పీఏఎం8403 చెడ్డ చిప్ అని ఎప్పుడూ అనను. దాని చేతికి మనం ఏమి అందిస్తున్నామన్నదే అసలు ఇబ్బంది. నేను వాడే వైఫై మైక్రోకంట్రోలర్ ఈఎస్‌పీ32లో ఉన్న డాక్ (అంకెలను వోల్టేజ్‌గా మార్చే భాగం) 8 బిట్లది, అంటే మొత్తం 256 మెట్లు. రాత్రి పూట వినడానికి సరిపడే తక్కువ వాల్యూమ్‌లో మాట వాడుకునేది వాటిలో ఏ పాతికో ముప్పయ్యో. ఆ గరుకుదనం చెవికి తెలిసిపోతుంది. దానికి తోడు వైఫై పంపిన ప్రతిసారీ బోర్డు ఉన్నట్టుండి వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది. గ్రౌండ్ తీగ కొద్దిగా కదులుతుంది. ఆంప్లిఫయర్‌కు అది కూడా సంగీతమే, దాన్నీ పెంచి వినిపిస్తుంది. కెపాసిటర్లు పెట్టాను, రెగ్యులేటర్ వేరు చేశాను, గ్రౌండ్ తీగలు మార్చి మార్చి చూశాను. టకటక తగ్గింది కానీ పోలేదు. పైగా అదే కుటుంబంలోని ఈఎస్‌పీ32-ఎస్3లో ఆ డాక్ కూడా లేదు.

మ్యాక్స్ 98357ఏలో ఈ గొడవ మూలంలోనే తెగిపోతుంది. శబ్దం స్పీకర్ దాకా అంకెలుగానే వస్తుంది. డాక్, క్లాస్-డీ (అవుట్‌పుట్‌ను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచే) ఆంప్లిఫయర్ రెండూ ఒకే చిప్‌లో ఉంటాయి. దారిలో తీగ మీద కొన్ని పదుల మిల్లీవోల్టుల చెత్త చేరినా సున్నా సున్నాగానే ఉంటుంది, ఒకటి ఒకటిగానే ఉంటుంది. కరెంటు తీగలు కాక తీగలు మూడే: ఒక్కో బిట్‌కూ తాళం వేసే బీక్లాక్, ఎడమ కుడి చానెళ్ళ వంతు చెప్పే ఎల్‌ఆర్ క్లాక్, శబ్దం అంకెలు మోసే డేటా. పాత ఆడియో డాక్‌లకు ఉండే మాస్టర్ క్లాక్ దీనికి అక్కర్లేదు. రిజిస్టర్లు లేవు, ముందుగా ఏ ఆదేశాలూ పంపనక్కర్లేదు. క్లాక్ వస్తే మేలుకుంటుంది, బీక్లాక్ ఆగితే తనంతట తనే స్టాండ్‌బైలోకి పోతుంది. హెడ్‌ఫోన్ జాక్ లేని రాస్ప్‌బెర్రీ పై జీరోకి గొంతు ఇవ్వడానికి దీనికంటే తేలిక దారి నాకు దొరకలేదు. ఐ2ఎస్ (ఈ మూడు తీగల పద్ధతి) తెలిసిన ఏ మైక్రోకంట్రోలర్‌కైనా అంతే.

గెయిన్ (సంకేతాన్ని ఎంత పెంచాలన్నది) గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే శబ్దం పగిలిపోతోందని ఈ చిప్‌ను తిట్టేవాళ్ళలో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. గెయిన్ పిన్‌ను ఏమీ కలపకుండా వదిలేస్తే 9 డీబీ. గ్రౌండ్‌కు కలిపితే 12, 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా గ్రౌండ్‌కు కలిపితే 15. సప్లైకి నేరుగా కలిపితే 6, 100 కిలోఓమ్‌ల ద్వారా అయితే 3. చిప్ తయారీదారు ఇచ్చే డేటాషీట్ లెక్క ప్రకారం పూర్తి స్థాయి సంకేతానికి అవుట్‌పుట్ ఎంతంటే, గెయిన్‌కు 2.1 కలిపితే వచ్చే డీబీవీ (1 వోల్టుతో పోల్చి చెప్పే డెసిబెల్‌లు). అంటే 9 డీబీ దగ్గర 11.1 డీబీవీ, సుమారు 3.6 వోల్టుల ఆర్ఎంఎస్ (అల మొత్తానికి ఒక రకం సగటు). దాని శిఖరం సరిగ్గా 5 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. 5 వోల్టుల సప్లైతో అంతకు మించి ఎక్కడికీ పోలేం. 12 పెడితే శిఖరం 7 వోల్టులు కావాలి, 15 పెడితే 10 కావాలి. సప్లైలో లేని వోల్టులు ఎక్కడి నుంచీ రావు కాబట్టి అలల తలలు తెగిపోతాయి. బాగా తక్కువ స్థాయిలో రికార్డు చేసిన గొంతుకైతే 12 పెట్టొచ్చు, నేను పెడతాను కూడా. రేడియోలో వచ్చే పాటకు మాత్రం పెంచకూడదు. 3.3 వోల్టుల మీద నడిపితే 6 డీబీకే అంచు దాటుతుంది.

ఇక అసలు సంగతి.

అమ్మ పెట్టెలో 4 ఓమ్‌ల, 3 వాట్ల స్పీకర్ ఉండేది. ఈఎస్‌పీ32 నుంచి ఆంప్లిఫయర్ బోర్డుకు జంపర్ తీగలు. ప్రోగ్రామ్‌లో ఐ2ఎస్‌ను ఎప్పుడూ నడుస్తూ ఉండేలా ఉంచాను, వాక్యాల మధ్య సున్నాలు పంపుతూ. క్లాక్‌ను ప్రతిసారీ ఆపి మళ్ళీ మొదలుపెడితే సన్నగా టప్‌మని వినిపిస్తుంది. ఆ టప్‌ను పోగొట్టడానికి సున్నాలు పంపుతూ ఉండమనే సలహా చాలాచోట్ల కనబడుతుంది, అది పనిచేస్తుంది కూడా. పెట్టె నెలల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

ఒక సాయంత్రం అమ్మ పిలిచి, "నీ పెట్టె మాట్లాడ్డం లేదు, ఏదో కాలిన వాసన కూడా వస్తోంది" అంది. వెళ్ళి చూస్తే ఎల్‌ఈడీ వెలుగుతోంది, వైఫై ఉంది, పెట్టె పాఠం తెచ్చుకుని చదువుతూనే ఉన్నట్టు లాగ్‌లో కనిపిస్తోంది. స్పీకర్ నుంచి మాట లేదు. బుస లేదు. హమ్ లేదు. చెవి ఆనించినా ఏమీ లేదు. ప్లగ్ తీసి మూత విప్పితే స్పీకర్ వెనక అయస్కాంతం చేతికి వేడిగా తగిలింది. కోన్ ఉండాల్సిన చోట లేదు, ముందుకు తోసుకొచ్చి నిలబడింది. చల్లారాక వేలితో మెల్లగా నొక్కితే లోపల గరగరమంది. మల్టీమీటర్ పెడితే ఓమ్‌లు మాత్రం దాదాపు సరిగానే చూపించింది. అంటే కాయిల్ తెగలేదు, వేడికి జిగురు మెత్తబడి ఆకారం చెడింది.

ఆంప్లిఫయర్ చిప్ పోయి అవుట్‌పుట్ ఒక పక్కకు అతుక్కుపోయిందని మొదట అనుకున్నాను. కానీ తీగలన్నీ తీసి మళ్ళీ గుచ్చి వేరే స్పీకర్ పెడితే చక్కగా పాడింది. చిప్‌కు ఏమీ కాలేదు. అప్పుడు తీగల మీదకు దృష్టి పోయింది. తీసేటప్పుడు ఎల్‌ఆర్‌సీ (ఎల్‌ఆర్ క్లాక్) అని రాసి ఉన్న పిన్ మీది తీగ చేతికి అసలు బిగుతే లేకుండా వచ్చేసింది. పైకి చూస్తే గుచ్చుకునే ఉన్నట్టుంది, లోపల మాత్రం వదులై ఉంది. స్పీకర్, బోర్డు ఒకే చెక్క పలకకు బిగించి ఉన్నాయి. నెలల పాటు ఆ పలక అదిరీ అదిరీ ఆ తీగను వదులు చేసింది.

ఒక తీగ వదులైతే మాట ఆగిపోవాలి, అంతే కదా. స్పీకర్ ఎందుకు మాడాలి? డేటాషీట్‌లో క్లాక్‌ల గురించి చెప్పేచోట దీనికి జవాబు ఉంది. బీక్లాక్ వస్తూ ఉండగా ఎల్‌ఆర్ క్లాక్‌ను తీసేయవద్దని, తీసేస్తే పెద్ద డీసీ (ఒకే దిశలో నిలిచిపోయే) వోల్టేజ్‌తో సహా ఊహించని అవుట్‌పుట్ రావచ్చని స్పష్టంగా రాసి ఉంది. మూడు తీగల బొమ్మలు గీసి చూపించే పాఠాల్లో మాత్రం ఈ వాక్యం కనబడదు. ఈ సమీక్ష నేను రాస్తున్నది ముఖ్యంగా దీని కోసమే.

మాట మీద నమ్మకం పెట్టుకోవడం కన్నా కళ్ళతో చూడటం మేలని, స్పీకర్ బదులు 8 ఓమ్‌ల పెద్ద వైర్‌వూండ్ రెసిస్టర్ తగిలించి, దాని రెండు చివరలకూ మల్టీమీటర్‌ను డీసీలో పెట్టి చూశాను. క్లాస్-డీ అవుట్‌పుట్ వేగంగా మారే పల్స్‌లే అయినా మీటర్ సగటు చూపిస్తుంది, మనకు కావాల్సిందీ సగటే. మూడు తీగలూ ఉన్నప్పుడు కొద్ది మిల్లీవోల్టులు. బీక్లాక్ తీగ పీకితే చిప్ నిద్రపోయింది, ఏమీ లేదు. డేటా తీగ పీకితే, అది గాలిలో ఏం పట్టుకుంటే అది, కాసేపు చెత్త. ఎల్‌ఆర్ క్లాక్ తీగ పీకితే కొన్నిసార్లు ఏమీ జరగలేదు, కొన్నిసార్లు మీటర్ వోల్టుల్లో లేచి అక్కడే నిలబడింది. పీకిన క్షణాన్ని బట్టి విలువ మారుతోంది. రెసిస్టర్ వేడెక్కుతోంది, గది నిశ్శబ్దంగా ఉంది.

లెక్క వేస్తే భయం వేస్తుంది. 4 ఓమ్‌ల మీద 2 వోల్టుల డీసీ అంటే ఆగకుండా 1 వాట్. 4 వోల్టులైతే 4 వాట్లు, స్పీకర్ మీద రాసినదానికంటే ఎక్కువ. స్పీకర్ మీద రాసే వాట్లు సంగీతానికి సంబంధించినవి. సంగీతం పెరుగుతుంది, తగ్గుతుంది, కాయిల్ ముందుకూ వెనక్కూ ఆడుతూ తన చుట్టూ గాలిని కదిలిస్తుంది. డీసీలో అది ఒకే చోట నిలబడి కాలుతుంది. చిప్‌లో షార్ట్ సర్క్యూట్ రక్షణ ఉంది, వేడెక్కితే ఆగిపోయే రక్షణ ఉంది, కానీ వాటికి ఇందులో తప్పేమీ కనబడదు. 4 ఓమ్‌ల లోడ్‌కు తన పరిధిలో ఉన్న కరెంటే ఇస్తోంది కదా.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వాసన కన్నా ఆ నిశ్శబ్దమే. పాత అనలాగ్ బోర్డులో ఇన్‌పుట్ తీగ ఊడితే వెంటనే గుర్‌మని హమ్ వస్తుంది. ఇంట్లో ఎవరైనా ఆ గోల భరించలేక ఆపేస్తారు. పైగా ఇన్‌పుట్ దారిలో కెపాసిటర్ ఉంటుంది కాబట్టి అటువైపు నుంచి డీసీ లోపలికి రాదు. అక్కడ చెడిపోతే అందరికీ వినబడుతుంది. ఇక్కడ నేను ఏ నిశ్శబ్దాన్ని చూసి మురిసిపోయానో, స్పీకర్ కాలుతున్నంతసేపూ పెట్టె అదే నిశ్శబ్దంలో ఉంది. పెట్టె చదవడం అయిపోయిందని అమ్మ అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

అందుకే మూడు తీగలు చాలన్న మాటను ఇప్పుడు కాస్త అదుపులో పెట్టి చెబుతాను. బల్ల మీద ప్రయోగానికి మూడు చాలు. గంటల తరబడి ఎవరూ చూడని చోట ఉండే పెట్టెకు మూడూ సోల్డర్ చేసి ఉండాలి, నాలుగో తీగ కూడా ఉండాలి, స్పీకర్ దారిలో ఇంకొకటి కూడా ఉంటే మంచిది.

ఆ ఇంకొకటి కెపాసిటర్. స్పీకర్‌కు వరుసలో ఒక నాన్-పోలార్ ఎలక్ట్రోలిటిక్ పెడితే డీసీ ఎటు నుంచి వచ్చినా కాయిల్ దాకా చేరదు. దాని వల్ల బేస్ తగ్గుతుంది, కానీ ఎంత తగ్గుతుందో చూడండి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 100 మైక్రోఫారడ్‌లు పెడితే కోత మొదలయ్యేది సుమారు 200 హెర్ట్జ్ దగ్గర. అరచేతిలో పట్టే స్పీకర్ అంతకంటే కింద ఎలాగూ పెద్దగా పలకదు. మాటకైతే తేడా నాకు తెలియలేదు, అమ్మకూ తెలియలేదు. నిజానికి డబ్బా మోత కొంత తగ్గి మాట తేటగా అనిపించింది. 4 ఓమ్‌ల స్పీకరైతే అదే ఫలితానికి రెట్టింపు కెపాసిటర్ కావాలి. అందుకే ఇప్పుడు మాట్లాడే పెట్టెలకు 8 ఓమ్‌లే తీసుకుంటున్నాను. వాట్లు తగ్గుతాయి, కానీ పడకగదిలో మాట వినడానికి అర వాటు కూడా ఎక్కువే. పోలారిటీ ఉన్న మామూలు ఎలక్ట్రోలిటిక్ మాత్రం ఇక్కడ పెట్టకూడదు. ఈ చిప్‌లో స్పీకర్ రెండు చివర్లూ చిప్పే నడుపుతుంది, ఏదీ గ్రౌండ్ కాదు, డీసీ ఏ దిశలోనైనా రావచ్చు.

నాలుగో తీగ ఎస్‌డీ (షట్‌డౌన్) పిన్‌కు. ఈ చిప్‌లో నాకు ఇప్పుడు అన్నిటికంటే ఇష్టమైన పిన్ ఇదే. ఒక్క పిన్ మీద వోల్టేజ్‌ను బట్టి నాలుగు పనులు. 0.16 వోల్టుల కంటే తక్కువైతే చిప్ పూర్తిగా ఆగిపోతుంది. 0.16 నుంచి 0.77 మధ్య అయితే ఎడమ కుడి రెండూ కలిపి సగం చేసి వినిపిస్తుంది. 0.77 నుంచి 1.4 దాకా కుడి చానెల్ మాత్రమే. అంతకు పైన ఎడమ మాత్రమే. చిప్ లోపల ఈ పిన్ నుంచి గ్రౌండ్‌కు 100 కిలోఓమ్‌లు ఉన్నాయి. నేను వాడే రకం చిన్న బోర్డుల్లో సప్లై నుంచి ఇదే పిన్‌కు 1 మెగాఓమ్ పెట్టి ఉంటుంది. 5 వోల్టులకు లెక్క వేస్తే పిన్ దగ్గర 0.45 వోల్టులు, 3.3కి 0.3. రెండూ కలిపి వినిపించే పరిధిలోనే ఉన్నాయి. అందుకే ఎస్‌డీని ముట్టుకోకపోయినా బోర్డు మోనోగా పాడుతుంది.

దీన్ని మైక్రోకంట్రోలర్ పిన్‌కు నేరుగా కలిపి, పాడాల్సినప్పుడు హై ఇస్తే ఏమవుతుంది? 3.3 వోల్టులు వెళ్తాయి, చిప్ ఎడమ చానెల్‌కు మారిపోతుంది. మోనో గొంతుకు తేడా రాదు. స్టీరియో పాటలో కుడివైపు ఉన్న వాయిద్యం మాయమైపోతుంది. ఇందుకు నాకు బాగా నచ్చిన పద్ధతి ఓపెన్-డ్రెయిన్. పిన్‌ను లో చేస్తే చిప్ ఆగుతుంది. వదిలేస్తే, అంటే హై ఇవ్వకుండా గాల్లో ఉంచితే, బోర్డు మీది 1 మెగాఓమ్ తన 0.45 వోల్టులకు తీసుకెళ్ళి రెండు చానెళ్ళూ కలిపి వినిపిస్తుంది. అదనపు రెసిస్టర్ ఏదీ అక్కర్లేదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మైక్రోకంట్రోలర్ లోపలి పుల్-అప్ (పిన్‌ను హై వైపు లాగే రెసిస్టర్) ఆపి ఉండాలి. ఈఎస్‌పీ32లో అది పదుల కిలోఓమ్‌లలో ఉంటుంది, 1 మెగాఓమ్ దాని ముందు నిలవలేదు. పిన్ 2 వోల్టుల పైకి పోయి మళ్ళీ ఎడమ చానెలే మిగులుతుంది. రీసెట్ సమయంలో పుల్-అప్ ఉండే పిన్‌లను కూడా ఈ పనికి ఎంచుకోను.

వరుస కూడా ముఖ్యమే. మొదలుపెట్టేటప్పుడు ముందు క్లాక్‌లు నడవాలి, కొన్ని సున్నాలు పోవాలి, ఆ తర్వాతే ఎస్‌డీని వదలాలి. ముగించేటప్పుడు ముందు ఎస్‌డీ లో, ఆ తర్వాత క్లాక్‌లు ఆపడం. ఈ వరుసలో చేస్తే టప్ శబ్దం నా చెవికి అందనంతగా తగ్గింది. నిరంతరం సున్నాలు పంపుతూ కూర్చోవాల్సిన అవసరమూ పోయింది. అంటే ఎల్‌ఆర్ క్లాక్ తీగ ఊడినా ప్రమాదం ఉండేది పెట్టె మాట్లాడే ఆ కాసేపే. రాత్రంతా కాదు. తీగ ఊడిందని మైక్రోకంట్రోలర్‌కు తెలిసే దారి ఏదీ లేదు కాబట్టి ప్రమాదం ఉండే సమయాన్ని కుదించడమే మన చేతిలో ఉన్నది. మిగిలిన కాసేపటికీ కెపాసిటర్ కాపలా ఉంది.

గొంతుతో పనిచేసేవాళ్ళకు ఇంకో ముడి ఉంది. ఈ చిప్ ఒప్పుకునే శాంప్లింగ్ రేట్లు (సెకనుకు ఎన్ని శాంపిళ్ళన్నవి) 8, 16, 32, 44.1, 48, 88.2, 96 కిలోహెర్ట్జ్‌లు. 11.025, 12, 22.05, 24 కిలోహెర్ట్జ్‌లు లేవని డేటాషీట్ విడిగా చెబుతుంది. పాఠాన్ని మాటగా మార్చే ప్రోగ్రామ్‌లు చాలావరకు ఇచ్చేది 22.05 లేదా 24 దగ్గరే. అదృష్టవశాత్తూ దానికి మందు తేలిక. ప్రతి శాంపిల్‌నూ రెట్టింపు చేసి 44.1కో 48కో తీసుకెళ్తే సరి. ఉన్నదాన్నే రెండుసార్లు పంపినా మాట అర్థమవుతుంది. రెండు శాంపిళ్ళ మధ్య సగటు తీసి కొత్తది చేర్చితే పైస్థాయి గరుకు కూడా తగ్గుతుంది, మైక్రోకంట్రోలర్‌కు అది లెక్కలోకి రాని పని. బీక్లాక్ కూడా శాంప్లింగ్ రేటుకు 32, 48, 64 రెట్లలో ఏదో ఒకటి అయి ఉండాలి. ఐ2ఎస్ డ్రైవర్లు మామూలుగా ఇవే ఇస్తాయి.

సప్లై సంగతి పెద్దగా చెప్పడానికేం లేదు. 3 వాట్లు స్పీకర్‌కు పోవాలంటే 5 వోల్టుల దగ్గర ముప్పావు ఆంపియర్‌కు దగ్గరగా లాగుతుంది, డ్రమ్ము మోగిన క్షణాల్లో. సన్నని యూఎస్‌బీ తీగతో నడిపితే ఆ దెబ్బకు వోల్టేజ్ పడిపోయి (బ్రౌన్-అవుట్) ఈఎస్‌పీ32 రీసెట్ అవుతుంది. ఆంప్లిఫయర్ సప్లై పిన్‌ల దగ్గర ఒక 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్, రెండు బోర్డులకూ మూలం నుంచి వేరువేరు తీగలు, ఇవి ఉంటే చాలు. ఐ2ఎస్ తీగలు పొట్టిగా, స్పీకర్ తీగలు రెండూ మెలితిప్పి ఉంచుతాను. అవుట్‌పుట్‌లో ఫిల్టర్ లేని చిప్ కాబట్టి పొడుగు స్పీకర్ తీగ యాంటెనాలా పనిచేసి పక్కనున్న ఏఎం రేడియోలో గరగర పుట్టిస్తుంది.

స్టీరియో కావాలంటే రెండు చిప్‌లు పెట్టి అవే మూడు తీగలను రెండిటికీ పంచి, ఒకదాన్ని ఎస్‌డీ ద్వారా ఎడమకు, రెండోదాన్ని కుడికి కట్టేయొచ్చు. చేశాను, బాగానే ఉంది. కానీ శ్రద్ధగా కూర్చుని సంగీతం వినేవాళ్ళకు దీన్ని చెప్పను. వాళ్ళకు పీసీఎం5102 లాంటి డాక్, దాని తర్వాత పెద్ద సప్లై మీద నడిచే వేరే ఆంప్లిఫయర్ ఉంటేనే తృప్తి. 5 వోల్టుల మీద నడిచే చిప్‌కు ఉండే హద్దు గెయిన్ లెక్కలోనే కనబడింది కదా.

నిశ్శబ్దం గురించి కూడా ఒక సవరణ. చిప్ మేలుకుని సున్నాలు వింటున్నప్పుడు, సున్నితమైన స్పీకర్‌కు చెవి పూర్తిగా ఆనిస్తే అతి సన్నని బుస ఉంటుంది, ముఖ్యంగా 15 డీబీ దగ్గర. 9 డీబీలో జానెడు దూరం నుంచి నాకు వినబడదు. ఎస్‌డీ లో చేశాక అసలే ఉండదు. మొదట్లో నేను మెచ్చుకున్న ఆ సంపూర్ణమైన నిశ్శబ్దం నిజంగా దొరికేది నాలుగో తీగ కలిపాకే.

నా అవసరాలు చిన్నవి: మోనో, మాట, చిన్న గది, గోడ ప్లగ్ నుంచి కరెంటు. సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ చేతికందే దూరంలో ఉంటుంది, పెట్టె విప్పి మళ్ళీ బిగించే ఓపికా ఉంది. ఈ పరిస్థితుల్లో మ్యాక్స్ 98357ఏ బదులు ఇంకొకటి పెట్టాలని నాకు అనిపించడం లేదు. అమ్మ పెట్టెలో ఇప్పుడు 8 ఓమ్‌ల స్పీకర్, కెపాసిటర్, సోల్డర్ చేసిన నాలుగు తీగలు ఉన్నాయి, బోర్డును స్పీకర్ పలక నుంచి వేరు చేసి పెట్టె అడుగున బిగించాను. బ్రెడ్‌బోర్డ్ మీదే ఎప్పటికీ ఉండిపోయే ప్రాజెక్టుకో, పిల్లలు తీగలు పీకి గుచ్చి నేర్చుకునే కిట్‌కో అయితే మాత్రం, స్పీకర్‌కు వరుసలో కెపాసిటర్ లేకుండా దీన్ని ఇవ్వను. అది పెట్టే వీలు లేకపోతే అక్కడ బుసతో సహా పీఏఎం8403నే పెడతాను.